నేరగాడి నోటి మాట: ‘రెడ్ డెడ్ రిడెంప్షన్ 2’, బీదర్ సీమలో ఠగ్గుల వాఙ్మూలాలు

రాక్‌స్టార్ గేమ్స్ సంస్థ 2018 అక్టోబరు 26న విడుదల చేసిన ‘రెడ్ డెడ్ రిడెంప్షన్ 2’ అనే వీడియో గేమ్‌లో కథ 1899లో మొదలవుతుంది. బ్లాక్‌వాటర్ పట్టణంలో ఒక దోపిడీ విఫలమై, డచ్ వాన్ డెర్ లిండ్ ముఠా మంచుకొండల్లోకి పారిపోతుంది. ఆ ముఠాలో చిన్నతనం నుంచి పెరిగిన ఆర్థర్ మోర్గన్ పాత్రను ఆటగాడు నడిపిస్తాడు. విశాలమైన మైదానాలు, అడవులు, చిత్తడినేలలు, పట్టణాలు అన్నీ తెరిచి ఉంటాయి. ఎటు పోవాలన్నా అభ్యంతరం లేదు. అయితే కథ మాత్రం ఒకే దారిన పోతుంది. ముఠా చీలుతుంది, ఆర్థర్‌కు క్షయ సోకుతుంది, పింకర్టన్ డిటెక్టివ్ సంస్థ మనుషులు వెంటాడతారు, చివరకు అతడు మరణిస్తాడు. ఫ్రెడరిక్ జాక్సన్ టర్నర్ 1893లో షికాగోలో చేసిన ప్రసంగంలో అమెరికా సరిహద్దు భూమి అనే దశ ముగిసిందని ప్రకటించిన సంగతి చరిత్ర విద్యార్థులకు తెలిసిందే. ఈ ఆటలోని విషాదమంతా ఆ ప్రకటన నీడలోనే నడుస్తుంది.

కథ పూర్తిచేసిన వారిలో ఎక్కువమంది ఆర్థర్ మరణం గురించి మాట్లాడతారు. చరిత్రకారుడు నిలిచి చూడవలసినది మరొకటి ఉంది. ఈ కథకు ఇరుసు తుపాకీ కాదు, ద్రోహం. ముఠా రహస్యాలను పింకర్టన్లకు చేరవేస్తున్నది ఎవరు అనే ప్రశ్న చుట్టూ కథ రెండో సగమంతా తిరుగుతుంది. పోలీసులకు నోరు విప్పినవాడు ఈ లోకంలో అందరికన్నా నీచుడు, నోరు విప్పనివాడు వీరుడు. ఈ విలువను ఆట ఎక్కడా చర్చకు పెట్టదు, ఉన్నదిగా స్వీకరిస్తుంది.

ఈ విలువను దక్కన్ చరిత్ర పక్కన పెట్టి చూస్తే పరిస్థితి తలకిందులవుతుంది. హైదరాబాదు రాజ్యపు దారుల్లో దోచుకున్నవారి గురించి 19వ శతాబ్దం మొదటి సగం నుంచి మిగిలినదంతా దాదాపుగా నోరు విప్పినవారి మాటే. అప్రూవర్లు లేకపోతే ఆ చరిత్రకు ఆధారాలే లేవు. ఆటగాడు అసహ్యించుకునే మనిషే పరిశోధకుడికి దిక్కు.

సరిహద్దు సీమ

ఈ పోలికకు న్యాల్‌కల్ ఒక మంచి చూపుకోణం. నేడు సంగారెడ్డి జిల్లాలో, జహీరాబాదుకు ఉత్తరాన, కర్ణాటక సరిహద్దును ఆనుకొని ఉన్న మండలమిది. ఈ సరిహద్దు మాత్రం పాతది కాదు. 1956 రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ చట్టం ఆంధ్రప్రదేశ్‌లో చేర్చిన ప్రాంతాలను పేర్కొంటూ, నిర్ణా సర్కిల్ మినహా జహీరాబాదు తాలూకాను, నారాయణఖేడ్ తాలూకాను, బీదర్ తాలూకాలోని న్యాల్‌కల్ సర్కిల్‌ను విడివిడిగా చెప్పింది. అంటే ఒక తాలూకాను చీల్చి, అందులో ఒక సర్కిల్‌ను ఇటు, మిగిలిన భాగాన్ని అటు పంచారు. అంతవరకు న్యాల్‌కల్ రైతుకు తాలూకా కచేరీ, జిల్లా కేంద్రం రెండూ బీదరే. తెలుగు, కన్నడం, మరాఠీ, ఉర్దూ కలిసి వినిపించే ఈ నేలను ఏదో ఒక భాష పేరుతో గీత గీసి విడదీయడం సులభం కాకపోయింది.

హైదరాబాదు నుంచి పటాన్‌చెరు, సంగారెడ్డి, జహీరాబాదు, హుమ్నాబాదుల మీదుగా షోలాపూర్ వైపు సాగే నేటి జాతీయ రహదారికీ, బీదర్ కోటకూ నడుమ ఈ మండలం ఉంది. పడమటి దేశానికి పోయే వర్తకుడు, సెలవు మీద ఇంటికి వెళ్ళే సిపాయి, సాహుకారు సొమ్ము మోసే మనిషి నడవవలసిన సీమ ఇది. అధికార పరిధుల అంచులు దొంగకు ఎంత లాభమో ఆటలో చక్కగా చూపించారు. ఒక రాష్ట్రంలో ఆర్థర్ తల మీద ప్రకటించిన వెల పక్క రాష్ట్రంలో చెల్లదు. నది దాటితే వెంటాడేవారు ఆగిపోతారు. కంపెనీ పాలిత జిల్లాలు, నిజాం రాజ్యం, మరాఠా సంస్థానాలు అల్లుకుపోయిన దక్కన్‌లో కూడా ఇదే ఇబ్బంది ఉండేది. ఒక పాలకుడి సీమలో హత్య చేసి మరొకరి సీమలో ఇల్లు కట్టుకొని ఉండే మనిషిని పట్టడానికి ఏ కొత్వాలుకూ అధికారం చాలేది కాదు.

దీనికి కంపెనీ ప్రభుత్వం కనిపెట్టిన పరిష్కారమే 1836 నాటి 30వ చట్టం. ఠగ్గుల ముఠాకు చెందినవాడని రుజువైతే చాలు, ఏ హత్య ఎప్పుడు చేశాడో నిరూపించనక్కరలేదు, యావజ్జీవ కఠిన శిక్ష విధించవచ్చు. ముఠాలో చేరింది చట్టం రాకముందైనా తర్వాతైనా, కంపెనీ భూముల లోపలైనా వెలుపలైనా తేడా లేదు. నేరం చేసిన పని నుంచి మనిషి మీదికి మారింది. ఇంతకన్నా పెద్ద మార్పు భారతీయ నేరశిక్షా చరిత్రలో అరుదు. ముఠాకు చెందినవాడని చెప్పగలిగినది ఎవరు? ఆ ముఠాలోనే తిరిగి, ప్రాణభిక్ష కోసం నోరు విప్పినవాడు. చట్టం నిలబడింది అతని మాట మీదనే.

719 అనే లెక్క

విలియం స్లీమన్ సాగర్, జబల్పూర్ ప్రాంతాల్లో అప్రూవర్ల పద్ధతిని యంత్రంలా నడిపించాడు. పట్టుబడినవాడు సహచరుల పేర్లు, చంపిన చోట్లు, పాతిపెట్టిన గోతులు చెబుతాడు. ఆ గోతులు తవ్వితే ఎముకలు బయటపడతాయి. అతడు చెప్పిన పేర్లతో మరికొందరిని పట్టుకుంటారు, వారిలో కొందరు మళ్ళీ అప్రూవర్లవుతారు. ఈ అప్రూవర్లలో కొందరిని నిజాం రాజ్యానికి పంపారు. నిజాం కొలువులో ఉన్న ఫిలిప్ మెడోస్ టేలర్‌కు వారిలో ఒకడితో 1832లో పరిచయం కలిగింది. రోజుల తరబడి హత్యల కథలు విని నమోదు చేశానని టేలర్ తర్వాత తన ఆత్మకథలో చెప్పుకున్నాడు. ఆ పరిచయం నుంచి పుట్టిన నవల ‘కన్ఫెషన్స్ ఆఫ్ ఎ థగ్’ 1839లో వెలువడింది.

ఆ నవల నిర్మాణాన్ని ఒకసారి గమనించాలి. అమీర్ అలీ అనే ఠగ్గు తన జీవితమంతా ఒక దొరకు చెబుతూ పోతాడు. దొర అప్పుడప్పుడు ఒక మాట అంటాడు, మిగిలినదంతా నేరగాడి గొంతే. పాఠకుడు అతని వెంటే నడుస్తాడు. బాటసారులతో స్నేహం చేస్తాడు, బిడారుల్లో కబుర్లు చెబుతాడు, హైదరాబాదు వీధులు చూస్తాడు, ఆ తర్వాత రుమాలు బిగిస్తాడు. 180 ఏళ్ళ తర్వాత వచ్చిన వీడియో గేమ్ చేసే పని కూడా ఇదే. నేరగాడి కళ్ళతో దేశం చూపించి, అతని మీద ప్రేమ కలిగించి, అతని నేరాల్లో పాఠకుణ్ణి భాగస్వామిని చేస్తుంది. ఒక్క తేడా ఉంది. అమీర్ అలీ అప్రూవరు. ఆర్థర్ మోర్గన్ కాడు.

తాను 719 హత్యల్లో పాల్గొన్నానని అసలు అప్రూవరు చెప్పుకున్నట్టు టేలర్ నవల ఉపోద్ఘాతంలో రాశాడు. పన్నెండేళ్ళు చెరలో ఉండకపోతే వెయ్యి పూర్తయ్యేవని కూడా ఆ మనిషి అన్నాడట. ఈ అంకెను తరవాతి రచయితలు భయంతోనూ ఆసక్తితోనూ ఎత్తి రాస్తూ వచ్చారు. అంత కచ్చితమైన లెక్క ఎవరికి అవసరం అని అడిగినవారు తక్కువ. అప్రూవరు ప్రాణం అతడు చెప్పగలిగిన హత్యల సంఖ్య మీద ఆధారపడి ఉంది. ఎక్కువ చెప్పినవాడు ఎక్కువ ఉపయోగపడేవాడు. విచారించే అధికారికి కూడా పెద్ద అంకె కావాలి, ఎందుకంటే తన శాఖకు నిధులు, తన పదవికి గౌరవం దానితోనే వస్తాయి. ‘రెడ్ డెడ్ రిడెంప్షన్ 2’ కూడా ఆటగాడు ఎందరిని చంపాడో ఒక పుటలో లెక్కవేసి చూపిస్తుంది. ఆ పుటను తీరిక వేళ తెరిచి చూసినవాడికి 719 అంత వింతగా అనిపించకపోవచ్చు. రెండు చోట్లా అంకెను కోరుకున్నది లెక్కపెట్టే వ్యవస్థే, చంపినవాడు ఆ తర్వాతే గర్వపడ్డాడు.

స్లీమన్ 1836లో ప్రచురించిన ‘రామసీయాన’లో ఠగ్గుల రహస్య భాషా పదకోశం, అప్రూవర్లతో ప్రశ్నోత్తరాలు ఉన్నాయి. ఆ ప్రశ్నలను జాగ్రత్తగా చదివితే, దేవి ఆజ్ఞ, శకునాలు, కులాచారాల చుట్టూ ప్రశ్నించేవాడి కుతూహలమే ఎక్కువగా తిరుగుతుందని అర్థమవుతుంది. జవాబు ఏ ఆకారంలో ఉండాలో ప్రశ్నే చెబుతోంది. స్టూవర్ట్ గోర్డన్ (1969), రాధికా సింఘా (1993), కిమ్ వాగ్నర్ (2007) ఈ ఆధారాలను వేర్వేరు దిక్కుల నుంచి తూచారు. ఠగ్గులు కేవలం ఆంగ్లేయుల కల్పన అనే వాదాన్ని వాగ్నర్ ఒప్పుకోడు. తరతరాల మతహంతకుల సంఘం అనే పాత కథనూ ఒప్పుకోడు. స్థానిక భూస్వాముల అండతో, కరువుల్లో, సైనిక కొలువులు పోయిన రోజుల్లో పెరిగిన దోపిడీగా దాన్ని చూస్తాడు. ఈ మధ్యేమార్గమే ఎక్కువ నమ్మదగినది.

తెలుగు నేలకు ఇందులో మరొక వాటా కూడా ఉంది. స్లీమన్‌కు రెండు దశాబ్దాల ముందే చిత్తూరు మేజిస్ట్రేట్ విలియం రైట్ పాళెగాళ్ళ సీమల్లో ‘ఫాంసీగర్’లను విచారించాడు. ఉరి వేసి చంపేవారని ఆ పేరుకు అర్థం. ఆ కాగితాల ఆధారంగా డాక్టర్ రిచర్డ్ షెర్వుడ్ 1816లో మద్రాసులో ఒక వ్యాసం ప్రచురించాడు. ఠగ్గుల గురించి వలస పాలకులకున్న జ్ఞానానికి తొలి అచ్చుప్రతుల్లో అది ఒకటి. ఉత్తరాది కథగా చెప్పుకొనే ఠగ్గీ చరిత్రలో ఒక వేరు చిత్తూరు కచేరీలో ఉందని మన పాఠ్యగ్రంథాలు సాధారణంగా గుర్తుచేయవు.

మాలీ ఓషే చెప్పిన అబద్ధం

వాఙ్మూలాన్ని ఎంతవరకు నమ్మాలి అనే ప్రశ్నకు ఆటలోనే ఒక అద్భుతమైన ఉదాహరణ ఉంది. డచ్ ప్రియురాలు మాలీ ఓషే ఒకరోజు తాగి వచ్చి, ముఠా రహస్యాలు పోలీసులకు చెప్పింది తానేనని అందరి ముందు అరుస్తుంది. ఆమెను అక్కడికక్కడే కాల్చి చంపుతారు. చాలా కాలం తర్వాత పింకర్టన్ అధికారి ఆండ్రూ మిల్టన్ అసలు మాట చెబుతాడు. మాలీని వాళ్ళు ప్రశ్నించినా ఆమె ఒక్క మాట చెప్పలేదు. అసలు వేగు మైకా బెల్. అంటే ఒప్పుకున్నది అబద్ధం. నిర్లక్ష్యానికి గురైన స్త్రీ అవమానం, కోపం ఆ ఒప్పుకోలు రూపంలో బయటపడ్డాయి. వినేవారు తమకు కావలసినది విన్నారు.

ఇక్కడ మరొక మెలిక ఉంది. మైకా ద్రోహాన్ని బయటపెట్టినది కూడా పోలీసు నోరే, ఆర్థర్‌ను పట్టుకుని తుపాకీ గురిపెట్టిన మనిషి నోరు. అయినా ఆటగాడు ఆ మాటను వెంటనే నమ్ముతాడు, ఎందుకంటే మైకాను అతడు ముందునుంచే ద్వేషిస్తున్నాడు. పరిశోధన పద్ధతుల తరగతిలో చెప్పదగిన ఉదాహరణ ఇది. ఆధారం నమ్మకాన్ని పుట్టించలేదు. నమ్మకమే ఆధారాన్ని ఒప్పుకుంది.

2024 వరకు అమల్లో ఉన్న 1872 భారత సాక్ష్య చట్టం ఈ చిక్కును రెండు చోట్ల రెండు రకాలుగా రాసింది. 133వ సెక్షను ప్రకారం, సహాపరాధి సాక్ష్యానికి వేరే బలం లేకపోయినా దాని మీద విధించిన శిక్ష చట్టవిరుద్ధం అయ్యేది కాదు. 114వ సెక్షనులోని ఒక ఉదాహరణ మాత్రం, ముఖ్యాంశాల్లో బలం దొరికితే తప్ప సహాపరాధి నమ్మదగినవాడు కాడని న్యాయస్థానం భావించవచ్చని చెప్పింది. ఒక చేత్తో ఇచ్చి మరో చేత్తో పట్టుకున్నట్టు కనిపించే ఈ రెండు వాక్యాల వెనుక, నాలుగు దశాబ్దాల ముందు అప్రూవర్ల మాట మీద నడిచిన వందల విచారణల అనుభవం ఉందని అనుకోవడం అసంగతం కాదు.

సాక్షి విషయంలో ఆట మరింత నిక్కచ్చిగా ఉంది. దారిలో ఆర్థర్ నేరం చేస్తుండగా చూసినవాడు పోలీసులను పిలవడానికి పరుగెత్తుతాడు. అతని నెత్తిన ఒక గుర్తు వెలుగుతుంది. ఆటగాడు అతణ్ణి బెదిరించి పంపవచ్చు, చంపనూ వచ్చు. చూసినవాడు ఇక్కడ తొలగించవలసిన అడ్డంకి మాత్రమే. ఠగ్గుల పద్ధతి కూడా అదే. బృందంలో ఉన్న బాటసారులందరినీ ఒకేసారి చంపడం, శవాలను పాతిపెట్టడం, చూసినవాడు మిగలకుండా చేయడం. అందుకే ఆ దారుల చరిత్రలో బాధితుడి గొంతు లేదు. సాక్షి లేని చోట చరిత్రకు హంతకుడి జ్ఞాపకమే మిగిలింది.

పాట మిగిలినవాడు

అప్రూవరు అవసరం లేకుండా జ్ఞాపకంలో నిలిచిన బందిపోటు తెలంగాణలో ఒకడున్నాడు. సర్వాయి పాపన్న కల్లుగీత కులంలో పుట్టి, భువనగిరి, కొలనుపాక ప్రాంతాల్లో దోపిడీలు సాగించి, షాపురంలో కోట కట్టి, 1708లో వరంగల్‌ను కొల్లగొట్టి, 1710లో మొగలుల చేతిలో చనిపోయాడు. ఖాఫీ ఖాన్ పారసీ చరిత్ర అతణ్ణి క్రూరుడైన దొంగగా చిత్రించింది. జానపద గాథ రాజ్యం కోరిన వీరుణ్ణి చేసింది. జె. ఎ. బోయల్ ఆ గాథను 1874లో ‘ఇండియన్ యాంటిక్వరీ’ పాఠకులకు పరిచయం చేశాడు. ఈ రెండు ఆధారాలనూ ఎదురెదురుగా నిలిపి జె. ఎఫ్. రిచర్డ్స్, వెల్చేరు నారాయణరావు 1980లో రాసిన వ్యాసం, ఆపై రిచర్డ్ ఈటన్ 2005 నాటి అధ్యాయం ఈ అంశంలో ఇప్పటికీ తప్పక చదవవలసినవి. హాబ్స్‌బామ్ ‘సామాజిక బందిపోటు’ భావనను పాపన్నకు యథాతథంగా తొడగడం కుదరదని ఈ రచనలు చదివితే స్పష్టమవుతుంది. అతడు కోరుకున్నది సమానత్వం కాదు, సింహాసనం.

పాపన్నకు పాట ఉంది, ఆర్థర్‌కు డైరీ ఉంది. ఆర్థర్ తాను చూసిన పక్షులు, చెట్లు, మనుషుల బొమ్మలు గీస్తూ, తన సందేహాలు రాసుకుంటూ పోతాడు. అతడు చనిపోయాక ఆ పుస్తకం జాన్ మార్‌స్టన్ చేతికి వస్తుంది. మిగిలిన పుటలను జాన్ తన మోటు గీతలతో నింపుతాడు. బందిపోటుకు తన కథ తానే రాసుకొనే వీలు కల్పించడం ఈ ఆటలోని అతి పెద్ద కల్పన, గుర్రాలకన్నా తుపాకులకన్నా పెద్దది. బీదర్ దారుల్లో తిరిగినవాడికి పాటా లేదు, పుస్తకమూ లేదు. హిందుస్థానీలో చెప్పిన మాట మున్షీ కలంలోంచి, అక్కడినుంచి అధికారి ఇంగ్లీషులోకి పోయింది. తెలుగు గాని కన్నడం గాని మాట్లాడే ఊరి కావలివాడు, సత్రం యజమాని, గోతిని మొదట చూసిన గొల్లవాడు ఆ కాగితాల్లో ఉంటే ఎవరి పేరో ఒకటి, ఒక సంతకపు గుర్తు. మాట లేదు.

తెలుగు పాఠకుడికి వెస్టర్న్ అనగానే 1971 నాటి ‘మోసగాళ్ళకు మోసగాడు’, 1990 నాటి ‘కొదమసింహం’ గుర్తుకు రావడం సహజం. అవి నిధి వేట కథలు. నేల, చట్టం, నేరగాడు అనే మూడింటి సంబంధం వాటికి పట్టలేదు. ఆ సంబంధాన్ని ఒక వీడియో గేమ్ నుంచి మొదలుపెట్టి చదవవలసిరావడం కొంత విచిత్రమే.

నోరు విప్పినవారి పిల్లలు

ఆటలో ఆర్థర్‌కు ఒక అవకాశం ముందే వస్తుంది. చిన్నపిల్లవాడు జాక్‌ను చేపలు పట్టడానికి తీసుకుపోయిన రోజున మిల్టన్, అతని సహచరుడు ఎడ్గర్ రాస్ నది ఒడ్డుకు వచ్చి, డచ్‌ను అప్పగిస్తే ఉరి తప్పిస్తామంటారు. స్లీమన్ కచేరీలో ఠగ్గుల ముందు పెట్టిన బేరం అక్షరాలా ఇదే. ఆర్థర్ కాదంటాడు. ఆటగాడికి ఇక్కడ ఎంపిక ఇవ్వలేదు. పలకరించాలా కొట్టాలా, అప్పు వదలాలా వసూలు చేయాలా అని అడుగడుగునా అడిగే ఆట, అప్రూవరు కావాలా వద్దా అని మాత్రం అడగదు. లోకమంతా తెరిచి ఉంచి ఈ ఒక్క తలుపు మూసింది.

అయితే ఈ కథాశ్రేణిలో ముందే వచ్చిన ఆట ఆ తలుపు తెరిచే ఉంది. 2010లో విడుదలైన ‘రెడ్ డెడ్ రిడెంప్షన్’ కథ 1911లో జరుగుతుంది. జాన్ మార్‌స్టన్ భార్యాబిడ్డలను చేజిక్కించుకుని, పాత స్నేహితులను వేటాడి పెట్టమని రాస్ అతణ్ణి ఒత్తిడి చేస్తాడు. జాన్ ఆ పని పూర్తిచేస్తాడు. కుటుంబం ఇంటికి వస్తుంది. కొద్ది రోజుల్లోనే సైనికులు ఆ పొలాన్ని చుట్టుముట్టి జాన్‌ను కాల్చి చంపుతారు. ఆర్థర్ కథను కడపట చదివినవారికి ఇది వెనకటి కథ, కాలక్రమంలో మాత్రం ముందుకు జరిగినది. మౌనం వహించినవాడు కొండ మీద చనిపోయాడు, పనిచేసి పెట్టినవాడు తన గాదె ముందు చనిపోయాడు.

దక్కన్‌కు, మధ్య భారతానికి చెందిన అప్రూవర్లకు దక్కినది వేరు. వారిని చంపలేదు, వదలనూ లేదు. షరతులతో కూడిన ప్రాణభిక్ష అంటే జీవితాంతం కాపలాలో ఉండడమే. ఉపయోగం ఉన్నంతకాలం దారుల వెంట తిప్పి గోతులు చూపించమన్నారు, తర్వాత జబల్పూర్‌లో ఉంచారు. ఠగ్గీ, డెకాయిటీ శాఖ 1904 వరకు కొనసాగింది. ఈలోగా 1871లో నేరజాతుల చట్టం వచ్చింది. 1836లో ముఠాకు చెందడం నేరమైతే, 1871 నుంచి జాతికి చెందడమే అనుమానానికి చాలిన కారణమైంది. 1911 తర్వాత ఆ చట్టం మద్రాసు రాష్ట్రానికి విస్తరించింది. బాపట్ల దగ్గర స్టూవర్టుపురంలో ఎరుకల కుటుంబాలను సాల్వేషన్ ఆర్మీ పర్యవేక్షణలో స్థిరపరిచినది ఆ దశకంలోనే. 1952లో చట్టం రద్దయింది. ఊరి పేరు మీద పడిన మచ్చను మాత్రం సినిమాలు నేటికీ సొమ్ము చేసుకుంటున్నాయి.

జబల్పూర్‌లో అప్రూవర్ల కోసం 1830ల చివర ఒక పనిశాల పెట్టారు. ఠగ్గుల వంశం ఆ వృత్తిలోకి మళ్ళకూడదని వారి కొడుకులను కూడా అందులోనే చేర్చారు. తండ్రులు హత్యల లెక్క చెప్పి ప్రాణాలు నిలుపుకున్న ఊళ్ళోనే, ఆ ప్రహరీ లోపల, పిల్లలు తివాచీలు నేశారు, గుడారాలు కుట్టారు. ఆ గుడారాల్లో కొన్నింటి కింద కూర్చొని కొత్త జిల్లాల్లో కొత్త వాఙ్మూలాలు రాసుకున్న అధికారులు ఉండే ఉంటారు.